బోడిమెట్టు

ఎదురుగా ఉన్నప్పుడు అందరూ ఆవిడను మేస్త్రమ్మా అని పిలిచేవాళ్ళు. వెనక మాత్రం ఉప్పుకాగితం అనేవాళ్ళు. వడ్రంగులు చెక్కను నునుపు చెయ్యడానికి రుద్దే గరుకు కాగితం ఉంటుందే, అది. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ చక్కగా తూచి పెట్టారు. ఆవిడ పని ఆ కాగితంతోనే, ఆవిడ మాటా ఆ కాగితంలాంటిదే. పొద్దున్నే "ఏమ్మా, బాగున్నావా?" అని పలకరించినా ఎదుటిమనిషి తోలు కాస్త లేచి వచ్చేది.

ఆవిడకు వేలిముద్రలు లేవు. పుట్టుకతో ఉన్నాయి, పనిలో అరిగిపోయాయి. గింజల షెడ్డు గుమ్మం పక్కన హాజరు మిషను ఒకటి బిగించారు. వేలు పెడితే పచ్చలైటు వెలిగి, లోపలినుంచి ఒక ఆడగొంతు "థాంక్యూ" అనేది. మొదట్లో మేస్త్రమ్మకూ అంది. ఏడాది తిరిగేసరికి ఆవిడ వేలు పెడితే ఎర్రలైటు వెలిగి "మళ్ళీ ప్రయత్నించండి" అనడం మొదలుపెట్టింది. ఇంకెవరైనా అయితే సిగ్గుపడి మానేద్దురు. ఈవిడ మాత్రం రోజూ వరసలో నిలబడి, కావాలనే వేలు పెట్టి, మిషను కాదన్న మాట నలుగురికీ వినిపించి, అప్పుడు లోపలికి పోయేది. చూశారా, పనంటే ఇదీ, అన్నట్టు. మేనేజరు ఆవిడ హాజరు చేత్తో వేసుకునేవాడు.

ఆ షెడ్డు ఎందుకు పుట్టిందో చెప్పాలి. ఎడారి అంచున ఒక కొండ ఉండేది. ఆ కొండమీద తప్ప లోకంలో ఇంకెక్కడా మొలవని పువ్వు ఒకటి, గిన్నెపువ్వు. ఊదారంగు గిన్నె, గిన్నెలో పసుపు పొడి. ఏళ్ళకేళ్ళు కనపడదు. గట్టి వాన పడిన ఏడు మాత్రం కొండ కొండంతా ఊదా దుప్పటి కప్పుకునేది. నేలకు కరుచుకుని నాలుగాకులు, ఆకుల మీద తడి ఆవిరైపోకుండా తెల్లటి నూగు, మధ్యలో పువ్వు. నీళ్ళు బాగా దొరికితే జానెడు ఎదిగి గుత్తులు గుత్తులుగా పూస్తుంది. దొరక్కపోతే వేలెడు ఎత్తులోనే ఒకే ఒక్క పువ్వు పూసి, గింజ రాల్చి, చచ్చిపోతుంది. పెద్దయ్యాక పూద్దాంలే అనుకునే తీరిక దానికి లేదు. ఆకూ పువ్వూ కొద్ది వారాల ముచ్చట. గింజ మాత్రం మొండిది. ఆవగింజలో సగం కూడా ఉండదు, నల్లగా నిగనిగలాడుతూ ఇసకలో పడి ఉంటుంది. ఎండ కాల్చినా, చలి కొరికినా, చినుకు పడి మోసం చేసినా ఉలుకూ పలుకూ ఉండదు.

ఆ కొండలో రాగి ఉందని కంపెనీ వచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. వీళ్ళకు ఎలుక కూడా సరిగా దొరకలేదు. కాస్త రాగి తీశారు, గిట్టుబాటు కాదన్నారు. తవ్విన కొండను మళ్ళీ పోసి, దాని పువ్వులు దానిమీద పూయించి అప్పగిస్తామని మొదట్లో మాట ఇచ్చి ఉన్నారు కనక, గుట్టను మెట్లు మెట్లుగా పోశారు. తవ్వకముందు పైమట్టి జల్లించి ఏరిన గింజలు సీసాల్లో ఉన్నాయి. ఆ సీసాల్లో ఉన్నవే ఆ పువ్వుకు మిగిలిన ప్రాణాలు. వాటిని తయారుచేసి మెట్లమీద చల్లడానికే ఆ షెడ్డు, ఆ ఆడవాళ్ళు, వాళ్ళమీద మేస్త్రమ్మ.

తయారుచెయ్యడమంటే రుద్దడం. ఆ గింజ పెంకు గట్టిది, నానబెట్టినా నీళ్ళు లోపలికి పోనివ్వదు. పెంకును కాస్త గీకాలి. చెక్కముక్కతో రుద్దితే పొడైపోతుంది, వేలితోనే రుద్దాలి. ఉప్పుకాగితం మీద చిటికెడు గింజలు పోసి, వేలికొసతో గుండ్రంగా, నలిపీ నలపనట్టు తిప్పుతూ ఉండాలి. నిగనిగ పోయి మట్టిరంగుకు వస్తే గింజ తయారైనట్టు. గింజతోపాటు వేలూ తయారయ్యేది. షెడ్డులో ఫ్యాను ఉండేది గానీ, గాలికి గింజలు ఎగిరిపోతాయని మేస్త్రమ్మ దాని రెక్కలు విప్పించి అటకెక్కించింది. రేకుల కప్పు కింద, ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని ఆడవాళ్ళు రుద్దుతూ కూర్చునేవాళ్ళు. చెమటచుక్క కాగితం మీద పడితే చివాట్లు అదనం.

పని మొదలైన కొత్తలో పట్నంనుంచి మొక్కల డాక్టరమ్మ ఒకామె వచ్చింది. మొక్కల గురించే చదువంతా చదివిన మనిషి. అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "ఈ గింజలు ఒకే తల్లివైనా ఒకేసారి లేవవు. కొన్ని ఈ వానకి లేస్తాయి, కొన్ని పైయేడు, కొన్ని పదేళ్ళకి. మొదట లేచినవి ఎండకి పోయినా, పడుకున్నవి మిగులుతాయి. అలా మిగలబట్టే ఈ పువ్వు ఇన్నివేల ఏళ్ళు బతికింది. అందుకని సగం రుద్దండి, సగం అలాగే వదిలెయ్యండి."

"పనిచేసే చోట సగంమంది పడుకుంటే ఎలా మేడం?" అంది మేస్త్రమ్మ. ఆడవాళ్ళు గుడ్డల చాటున నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వి, మళ్ళీ చెప్పి, వెళ్ళిపోయింది.

మేనేజరుకు డాక్టరమ్మ చెప్పిన వేల ఏళ్ళు అక్కర్లేదు, వచ్చే వాన చాలు. ప్రతి సీసా పైనుంచి ఒక చెంచాడు గింజలు తీసి, తడి కాగితం మీద పరిచి, గాజుపళ్ళెంలో మూతపెట్టి ఉంచేవాడు. వారానికి మొలకలు నిండుగా వస్తే సీసా పాసు, లేకపోతే ఫెయిలు. ఎవరి సీసా వాళ్ళదే, ఎవరి మెట్టు వాళ్ళదే. రుద్దిన చేతే చల్లాలి, చల్లిన మెట్టుకు ఆ చేతే జవాబు చెప్పాలి. ఈ పద్ధతి పెట్టించింది మేస్త్రమ్మే. "రుద్దందే గింజ లేవదు, మొట్టందే మనిషి లేవదు" అనేది. ఇది సామెత కాదు, ఆవిడ సొంత కవిత్వం.

ఆ మొట్టికాయలన్నీ ఒక్క నెత్తిమీద పడేవి. చెల్లెలి నెత్తి. తల్లి పోయేనాటికి చెల్లెలు పాలపళ్ళు ఊడని పిల్ల. పెళ్ళీ పెటాకులూ అనుకోకుండా మేస్త్రమ్మే సాకింది. సాకిందంటే నిజంగానే సాకింది. తను పస్తుండి పెట్టింది, జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆస్పత్రికి నడిచింది. కానీ ఆ పిల్ల ఏ పనీ టైముకు చేసి ఎరగదు. మాట ఆలస్యంగా వచ్చింది, నడక ఆలస్యంగా వచ్చింది. గిన్నె తోమమంటే నురగలో రంగులు చూస్తూ కూర్చునేది. అక్క చెవి మెలిపెట్టి, "మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అని అడిగేది. అడిగిన ప్రతిసారీ ఇంకాస్త మెలిపెట్టేది. ఆ పిల్లకు నత్త అని పేరు పెట్టింది ఆవిడే. పెద్దదయ్యాక షెడ్డులో పనిలో పెట్టించి, ఆ పేరు షెడ్డుకు కూడా అంటించింది.

ఇద్దరూ కంపెనీ క్వార్టర్సులో ఒక గదిలో ఉండేవాళ్ళు. సాయంత్రం రొట్టెల ముందు కూర్చుంటే చెల్లెలు వేలు దాచుకునేది. కొస చీలిపోయి, కూరలో ఉప్పు తగిలితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

"ఉప్పు తగిలితేనే గట్టిపడుతుంది. నాకు గట్టిపడలా?"

"కొంచెం మెల్లగా చేస్తానక్కా. నిదానమే ప్రధానం అంటారు కదా."

"అన్నవాడెవడో పనిదొంగ. ఆలస్యం అమృతం విషం అని కూడా అంటారు. అది నీ చెవిన పడలేదా?"

పొద్దున్నే మళ్ళీ తనే ఆ వేలికి గుడ్డ కట్టేది. రక్తం ఆడనంత గట్టిగా కట్టేది. మేస్త్రమ్మకు ప్రేమ లేదని ఎవరైనా అంటే అది అబద్ధం. ప్రేమ ఉంది, బోలెడుంది. దాన్ని బయటికి తియ్యడానికి ఆవిడకు తెలిసిన దారి రుద్దడం ఒక్కటే.

కొన్నాళ్ళకు చెల్లెలు వేలు దాచుకోవడం మానేసింది. సీసాలు టైముకు నింపుతోంది. పరీక్షలో పాసవుతోంది. మేస్త్రమ్మ లోలోపల పొంగిపోయింది. పైకి మాత్రం, "ఇన్నాళ్ళకి మనిషివయ్యావు," అని ఊరుకుంది. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ విని ఉండరు.

చల్లడం దాదాపు పూర్తయింది. ఇక వాన కోసం ఆకాశం చూడటమే. ఒకరోజు పొద్దున హాజరు వరసలో చెల్లెలు ముందుంది, వెనక అక్క. చెల్లెలు వేలు పెట్టింది. పెట్టీపెట్టగానే పచ్చలైటు, "థాంక్యూ". రోజూ వినే మాటే. ఆ రోజెందుకో జోరీగలా చెవిలో దూరింది. మిగతా ఆడవాళ్ళలో కొందరు రెండో వేలు వాడుతున్నారు, కొందరు మూడో వేలికి వచ్చారు. ఒకామె ఎడమచేతికి మారింది. దీని వేలు మాత్రం కొత్తగా చేరిన రోజు ఎలా పలికిందో అలాగే పలుకుతోంది.

"ఏదీ, చెయ్యి చూపించు."

చెల్లెలు చెయ్యి చాపింది. మేస్త్రమ్మ ఆ వేలిని గుమ్మంలో ఎండకు పెట్టి చూసింది. గీతలన్నీ చక్కగా ఉన్నాయి. చీలికలు కూడా ఉన్నాయి గానీ పాతవి, ఎప్పుడో మానిపోయినవి. అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకు. చెల్లెల్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి, దాని బల్లమీద మిగిలి ఉన్న ఆఖరి సీసా తీసి, అందరిముందూ తెల్లగుడ్డ మీద బోర్లించింది. పైన రెండు చెంచాల గింజలు మట్టిరంగువి పడ్డాయి. ఆ తరవాత పడ్డవన్నీ నల్లగా నిగనిగలాడుతూ పడ్డాయి.

షెడ్డంతా రుద్దడం ఆపేసింది.

"ఎన్నాళ్ళనించి?"

"చాన్నాళ్ళయిందక్కా. వేలు మంట. పైన కొన్ని రుద్ది, కింద ఊరికే పోశాను. పైనుంచే కదా తీసి చూస్తారు."

"నాకెందుకు చెప్పలా?"

"కొడతావని."

మేస్త్రమ్మ కొట్టింది. మనిషిని అలా కొట్టడం షెడ్డులో ఎవరూ చూడలేదు, ఇంట్లో పడే దెబ్బలు గోడలకే తెలుసు. చెల్లెలి మూతిగుడ్డ ఊడి గింజల్లో పడింది. గింజలు చెదురుతాయని మేస్త్రమ్మ ముందు గుడ్డ తీసి దులిపింది.

గొడవ విని మేనేజరు వచ్చాడు. మెత్తటి మనిషేం కాదు గానీ, తగువు పెట్టుకునే ఓపిక లేనివాడు. "పోనీలెండి మేస్త్రమ్మా, సొంత మనిషి. కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుంది. ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు..."

"సొంత మనిషి కాబట్టే చెబుతున్నాను సార్. తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది. పంపించెయ్యండి."

పని పోతే క్వార్టర్సు కూడా పోతుంది, పనివాళ్ళకే గది అని రూలు. అక్క అడిగితే ఆ రూలు వంగేది. అందరికీ తెలుసు, చెల్లెలికీ తెలుసు. అందుకే సంచి సర్దుకుని కూడా గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడింది. మేస్త్రమ్మ ఆ ఆఖరి సీసా గింజలు ముందేసుకుని తనే రుద్దుతూ కూర్చుంది. తలెత్తలేదు. కొన్నాళ్ళు బయట కష్టపడితే బుద్ధి వస్తుంది, వాన పడి కొండ పచ్చబడగానే పిలిపించుకుందాం, అని ఆవిడ లెక్క. ఆ లెక్క చెల్లెలికి చెప్పలేదు. చెబితే శిక్ష శిక్షలా ఉండదని అనుకుంది. సాయంత్రం అలవాటుకొద్దీ ఇద్దరికీ రొట్టెలు కాల్చింది. మిగిలినవి పొద్దున తనే తినేసింది.

చెల్లెలికి ఉప్పుమళ్ళలో పని దొరికిందని నీళ్ళలారీ డ్రైవరు చెప్పాడు. క్వార్టర్సుకు తాగేనీళ్ళు తెచ్చే లారీ ఆ దారినే వస్తుంది. ఉప్పు పోగుచేసే పని, పొద్దున్నుంచీ చేతులూ కాళ్ళూ ఉప్పునీళ్ళలోనే. "మంచిదే," అంది మేస్త్రమ్మ.

వాన పడింది. అనుకున్నదానికన్నా ముందే, ఒక పొద్దుటిపూట నుంచి సాయంత్రందాకా నిలిచి కురిసింది. వారం తిరక్కుండా కొండ మొలకెత్తింది. రుద్దిన గింజలు కదా, ఒక్కటి ఆగలేదు. అడుగు పెట్టడానికి సందు లేకుండా రెండేసి ఆకులు. మెట్టుమీద మెట్టు పచ్చగా, ఎండలో కళ్ళు చెదిరేట్టు ఉంది. అందరికన్నా ఒత్తుగా ఉన్నది మేస్త్రమ్మ మెట్టు. కంపెనీ పెద్దలు కార్లలో వచ్చి, ఆ మెట్టు ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఒకాయన ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపి, ఇంత నున్నగా ఉందేమిటని తన చెయ్యి చూసుకున్నాడు.

ఆ పచ్చదనం మధ్య ఒక్క మెట్టు మాత్రం ఎండగొట్టిన మట్టిలా ఉండిపోయింది. గుండుమీద నాలుగు వెంట్రుకల్లా అక్కడో మొలక, ఇక్కడో మొలక. అది చెల్లెలి మెట్టు. ఆడవాళ్ళు దానికి బోడిమెట్టు అని పేరు పెట్టేశారు. ఇప్పుడు పిలిపించుకోవాల్సిన రోజు వచ్చింది. మేస్త్రమ్మ పిలిపించింది కూడా. కానీ ఆ కబురు పంపిన తీరు చూడండి. "దాని బోడిమెట్టు చూసుకుని మురిసిపోవడానికి రమ్మను," అని డ్రైవరుతో చెప్పింది.

ఆ పిల్ల వచ్చింది. లారీ దిగడానికి డ్రైవరు చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. రెండు చేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి, పెదాలు పగిలి ఉన్నాయి, మాటకూ మాటకూ మధ్య దగ్గు. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. కొండ వంక ఒకసారి చూసి, "నీ మెట్టు ఎంత బాగుందో అక్కా," అంది. ఎత్తిపొడుపు కాదు, మనసారానే అంది.

"నీది చూసుకున్నావా?"

"చూశాను. అవి ఇంకా పడుకున్నాయేమో."

"అవును, నీ గింజలు కదా, నీలాగే ఉంటాయి." ఆడవాళ్ళు నవ్వారు. ఆ పిల్లా నవ్వబోయింది, దగ్గు అడ్డొచ్చింది.

దగ్గు తగ్గాక గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, కొన్నాళ్ళు నీ దగ్గర ఉంటాను. ఈ జ్వరం తగ్గేదాకా. గదిలో ఒక మూల పడుంటాను."

ఉండవే, నీ గది కాదా, అనే మాట మేస్త్రమ్మ గొంతుదాకా వచ్చింది. కానీ ఆ మాట బయటికి రావాల్సిన దారిలో ఆడవాళ్ళంతా నిలబడి చూస్తున్నారు. తను పెట్టిన శిక్ష తనే ఎత్తేస్తే రేపు షెడ్డులో తన మాట ఎవరు వింటారు? ఆవిడ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

"నీ మెట్టు నా మెట్టులా పచ్చబడిన రోజు నా గడప తొక్కు. అంతదాకా రాకు," అంది.

చెల్లెలు కాసేపు బోడిమెట్టు వంక చూసింది. నిజంగానే అదేదో తేలే సంగతి అయినట్టు, ఎన్నాళ్ళు పడుతుందో అంచనా వేస్తున్నట్టు చూసింది. "సరే అక్కా," అని మళ్ళీ లారీ ఎక్కింది.

రెండో వాన రాలేదు. మొదటి వాన తడి నాలుగువేళ్ళ లోతుకన్నా దిగలేదు. మొలకల వేళ్ళు అక్కడిదాకా పోయి, కింద ఏమీ లేక ఆగిపోయాయి. పొడిగాలి మొదలైంది. పైన పచ్చగా కనపడుతూనే ఉన్నాయి, ముట్టుకుంటే కరకరమన్నాయి. మేస్త్రమ్మ తాగేనీళ్ళ డ్రమ్ములోంచి బకెట్లు మోసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఒక మెట్టులో మూల కూడా తడవకముందే డ్రమ్ము అడుగంటింది. మేనేజరు వచ్చి బకెట్ లాక్కుని, "మనుషులకి తాగడానికి నీళ్ళొద్దా?" అని కసిరాడు. ఒక్క పువ్వు పుయ్యలేదు. పువ్వు పుయ్యకపోతే గింజ లేదు. సీసాల్లో గింజ లేదు, పచ్చబడ్డ మెట్లమీద చల్లినవన్నీ రుద్దినవే, రుద్దినవన్నీ లేచాయి, లేచినవన్నీ చచ్చాయి. కొండ మళ్ళీ మట్టిరంగులోకి వచ్చింది. ఇప్పుడు అన్ని మెట్లూ బోడివే, చూడటానికి తేడా లేదు.

మొలకెత్తించాం కదా, బతికించడం మా ఒప్పందంలో లేదు, అని కంపెనీ చేతులు దులుపుకుంది. షెడ్డుకు తాళం పడింది. ఆడవాళ్ళు తలో దిక్కూ పోయారు. కొండకు కాపలా ఉండాలని మేస్త్రమ్మను ఒక్కదాన్ని ఉంచారు. గాడిదలు కూడా ఎక్కని కొండకు కాపలా ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

అప్పుడు దిగింది మేస్త్రమ్మ పంతం. మాట అనేసి నెలలు దాటాక, వినడానికి నలుగురు లేకుండా పోయాక దిగింది. నీళ్ళలారీ వచ్చినరోజు డ్రైవరు తలుపు దగ్గరకు వెళ్ళి, "మా చెల్లిని రమ్మన్నానని చెప్పు. మెట్టు సంగతి తరవాత చూసుకుందాం," అంది.

డ్రైవరు ఇంజను ఆపాడు. కిందికి దిగి ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ అమ్మాయి పోయిందమ్మా. ఇక్కడికొచ్చి వెళ్ళాక వారం కూడా లేదు. ఉప్పుమళ్ళ పక్కనే పూడ్చారు."

ఆవిడకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక అరిచింది. "నాకెందుకు చెప్పలేదురా? ఇన్నాళ్ళూ వస్తూపోతూ నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడుగుతారేమోనని చూశానమ్మా," అన్నాడు డ్రైవరు. "వచ్చినప్పుడల్లా చూశాను. ఎప్పుడూ అడగలేదు."

గొట్టం డ్రమ్ములో పెట్టి వాడు వాల్వు తిప్పాడు. డ్రమ్ము నిండి పొర్లింది. ఆవిడ కాళ్ళు తడుస్తున్నా అక్కడే నిలబడి ఉంది. నీళ్ళు వృథా అవుతున్నాయమ్మా అని వాడే చెప్పి గొట్టం తీశాడు.

తరవాత ఒక ఎండాకాలం, ఇంకో ఎండాకాలం గడిచాయి. మేస్త్రమ్మ రోజూ కొండ చుట్టూ తిరిగేది, చెల్లెలి మెట్టు వచ్చేసరికి చూపు తిప్పుకుని దాటేది. ఏడ్చిందా అంటే ఏడ్చింది, ఎవరూ లేని కొండ కదా, గొంతెత్తే ఏడ్చింది. అక్కడ ఏడ్చినందువల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు, లాభమూ లేదు. రుద్దే పని లేక వేలికొసలు మెల్లగా మెత్తబడ్డాయి. ఆవిడ గమనించలేదు.

ఆ పై ఏడు నిజం వాన వచ్చింది. రెండు రోజులు కురిసి, తెరిపి ఇచ్చి, మళ్ళీ వచ్చింది. మెట్లమీదినుంచి నీళ్ళు గులకరాళ్ళను దొర్లించుకుంటూ పారాయి. అన్నాళ్ళ ఎండకూ చలికీ పెంకులు నెర్రెలిచ్చిన గింజలు కొన్ని ఆ రాళ్ళకిందా ఇసకకిందా నలిగి, నానాయి. నానవలసినంత నానాకే లేచాయి. మేస్త్రమ్మ మెట్టుమీద ఏమీ లేదు. ఏ మెట్టుమీదా ఏమీ లేదు. బోడిమెట్టు పచ్చబడింది.

మొదట కలుపు అనుకుంది. దగ్గరికిపోయి వంగి చూస్తే ఆకుల మీద తెల్లనూగు. ఆ రోజునుంచి ఆవిడ ఆ మెట్టు దిగలేదు. మొగ్గలు వచ్చాయి. ఒక పొద్దున చూసేసరికి ఆ మెట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఊదారంగు గిన్నెలు తెరుచుకుని ఉన్నాయి. ఏవో తేనెటీగలు కూడా వచ్చాయి, ఇన్నేళ్ళూ అవెక్కడ పడి ఉన్నాయో. చెల్లెలికి పెట్టిన షరతు మేస్త్రమ్మ మరిచిపోలేదు. మెట్టు పచ్చబడింది, తన మెట్టుకన్నా ఎక్కువే పచ్చబడింది. ఆవిడ తల తిప్పి లారీ వచ్చే రోడ్డు వంక చూసింది. వస్తుందని కాదు, రాదని తెలుసు. తెలిసి కూడా చాలాసేపు చూసింది.

కబురు తెలిసి మొక్కల డాక్టరమ్మ పరుగున వచ్చింది. జుట్టు కాస్త నెరిసింది. మెట్టుమీద మోకాళ్ళమీద కూర్చుని, ఒక మొక్కను మట్టితో పెల్లగించి, వేళ్ళ దగ్గర మట్టి నలిపి చూసింది. ఇసకలో ఇంకా నల్లటి గింజలు నిగనిగలాడుతున్నాయి.

"ఇవి చూడండి, ఇంకా లేవలేదు. పైయేటికి ఉన్నాయి, ఆ పైయేటికీ ఉన్నాయి," అంది. ఆమె కళ్ళలో నీళ్ళు. "ఈ ఒక్క మెట్టు లేకపోతే ఈ పువ్వు ఇక భూమ్మీద లేనట్టే. ఎవరిదమ్మా ఈ మెట్టు?"

నాదే అనొచ్చు. కాదనేవాళ్ళు అక్కడెవరూ లేరు. ఆ మాట మేస్త్రమ్మ నాలుక చివరకు వచ్చింది కూడా.

"మా చెల్లిది," అంది.

"పిలిపించండి. షెడ్డు మళ్ళీ తెరిపిస్తాను. ఈ గింజలు ఏరడం ఆవిడ చేతులమీదుగా మొదలుపెడదాం. ఎక్కడుంటారు?"

"పంపించేశాను."

"అయ్యో, ఎందుకు?"

మేస్త్రమ్మ ఆ నల్లటి గింజల్నే చూస్తూ చెప్పింది. "వీటిని రుద్దలేదని."

పువ్వులు ఎండి, కాయలు పగిలేనాటికి డాక్టరమ్మ షెడ్డు తాళం తీయించింది. కొత్త ఆడవాళ్ళు వచ్చారు. అటకమీది ఫ్యాను రెక్కలు కిందికి దింపించి ఒక మూల బిగించారు. ఈసారి సగమే రుద్దాలని గోడమీద పెద్ద అక్షరాలతో రాయించారు. పని తెలిసిన మనిషి ఇంకెవరూ లేరు కనక మేస్త్రమ్మే మళ్ళీ మేస్త్రమ్మ.

మొదటిరోజు పొద్దున హాజరు మిషనుమీది గుడ్డ తీసి దుమ్ము తుడిచారు. కొత్తవాళ్ళంతా వెనక వరసకట్టారు. పాత అలవాటుకొద్దీ మేస్త్రమ్మ అందరికన్నా ముందు నిలబడి, కాదంటుందిలే అనుకుంటూ వేలు పెట్టింది.

పెట్టీపెట్టగానే పచ్చలైటు వెలిగింది.

"థాంక్యూ," అంది మిషను.